పాత మోటారు కొనే ముందు నీటి ధార చూడండి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ చదువుల గురించీ, ఆరోగ్యం గురించీ, పొదుపు గురించీ పెద్దలు ఎన్నో మంచి మాటలు చెబుతూ వస్తున్నారు. మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "మాకు తెలిసినవల్లా పానాలూ, నట్లూ, గ్రీజూనండీ" అన్నాము. "అవే చెప్పండి" అన్నారు. కనుక పడవ మోటార్లు బాగుచేసే పనివాళ్ళుగా మేము రోజూ చూసే ఒకే ఒక్క సంగతిని మీ ముందు ఉంచుతాము. ఇది చూడటానికి మెకానిక్కు విషయమే అయినా, నిజానికి పొదుపు విషయం. ఒక్కొక్కసారి ప్రాణం విషయం కూడా.

కాకినాడ మొదలుకొని మచిలీపట్నం, నిజాంపట్నం, ఆ దిగువన పులికాట్ సరస్సు దాకా ఫైబర్ పడవలకు వెనుక బిగించే చిన్న ఔట్‌బోర్డు మోటారును మీరందరూ చూసే ఉంటారు. మనవాళ్ళలో కొందరు చేపల వ్యాపారానికో, ఏరు దాటించే పడవకో ఈ మోటారు కొంటూ ఉంటారు. కొత్తది కొనడం అందరి తరం కాదు. అందుకని సెకండ్‌హ్యాండ్‌ది చూస్తారు. దానికి డబ్బు ఎక్కడిది? ఇంట్లో ఆడవాళ్ళ గాజులు తాకట్టు పెడతారు, బావమరిది దగ్గర కొంత, సంఘంలో చేబదులు కొంత తీసుకుంటారు. అంటే ఒక్క మోటారు వెనుక మూడు నాలుగు కుటుంబాల సొమ్ము ఉంటుందన్న మాట. అటువంటి మోటారును కొనేటప్పుడు మనవాళ్ళు చూసేదేమిటి? రంగు బాగుందా, తాడు లాగితే స్టార్టవుతున్నదా, చప్పుడు నున్నగా ఉందా. ఈ మూడూ చూసి డబ్బు చేతిలో పెట్టేస్తారు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ మోటారు ప్రాణం ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. మోటారుసైకిలు ఇంజనుకు గాలి తగిలి చల్లబడుతుంది. కారుకు రేడియేటరు ఉంటుంది. పడవ మోటారుకు ఈ రెండూ లేవు. మరీ చిన్నవి కొన్ని గాలితో చల్లబడేవి ఉన్నా, ఎక్కువ మోటార్లు తాము తేలే నీటినే పీల్చుకొని చల్లబడతాయి. అమెరికాలో నార్వేలో పుట్టిన ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో ఈ రకం మోటారును అమ్మకానికి తెచ్చాడు. అప్పటికీ ఇప్పటికీ ఎన్నో మార్పులు వచ్చాయి, టూస్ట్రోకు పోయి ఫోర్‌స్ట్రోకు ఎక్కువైంది. కాని బయటి నీటిని తోడుకొని, ఇంజను చుట్టూ తిప్పి, మళ్ళీ బయటికి వదిలే పద్ధతి మాత్రం అలాగే ఉన్నది.

ఆ నీరు పోయే దారి ఇది. నీటిలో మునిగి ఉండే గేర్ పెట్టెకు పక్కన చిన్న చిన్న చీలికలు, జల్లెడలాగా ఉంటాయి. నీరు అక్కడ లోపలికి పోతుంది. ఆ పైనే ఒక చిన్న పంపు ఉంటుంది. దాని లోపల రబ్బరు రెక్కలున్న చక్రం తిరుగుతుంది. దీనినే ఇంపెల్లర్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. ఇంజను నుంచి కిందికి వచ్చే ఇనుప షాఫ్టు మీదనే ఇది కూర్చుంటుంది గనుక, మోటారు న్యూట్రల్‌లో ఉన్నా సరే, ఇంజను తిరిగినంతసేపూ ఇదీ తిరుగుతూనే ఉంటుంది. అది తోడిన నీరు సన్నని గొట్టంలో పైకెక్కి, సిలిండరు చుట్టూ తిరిగి, వేడిని మోసుకొని, పొగ పోయే దారిలో కలిసి కిందికి దిగిపోతుంది. దారిలో థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది మూసుకొని ఉంటుంది. చాలా మోటార్లలో 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది.

ఈ నీటిలో కొంచెం భాగాన్ని తయారుచేసినవాళ్ళు కావాలనే బయటికి, మన కంటికి కనబడేటట్లు వదిలారు. మోటారు వెనుకనో పక్కనో సన్నని రంధ్రం నుంచి ధారగా పడుతుంది. ఇంగ్లీషులో దానికి టెల్‌టేల్ అని పేరు, గుట్టు చెప్పేది అని అర్థం. మనం సాక్షి ధార అందాము. మేము చెప్పదలచుకున్నది ఇంతే. ఈ సాక్షి అబద్ధం చెప్పడు, కాని ఉన్నదంతా కూడా చెప్పడు. అతని మాట వినాలి, దానితోపాటు మరి రెండు మూడు రుజువులు అడగాలి.

ఎందుకంటారా? ధార రానంత మాత్రాన పంపు చెడిందని కాదు. మోటారు నెలల తరబడి షెడ్డులో పడి ఉంటే ఆ రంధ్రంలో పురుగు మట్టిగూడు పెడుతుంది. ఉప్పు గడ్డకట్టి పూడిపోతుంది. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చే రోజుల్లో నడిపిన మోటారులోనైతే బురదా ఇసుకా చేరి ఉంటాయి. మోటారు ఆపి, వలలకు వాడే మందపాటి నైలాన్ దారం ముక్కను ఆ రంధ్రంలో నెమ్మదిగా పోనిచ్చి ఆడిస్తే చాలాసార్లు ధార తిరిగి వస్తుంది. ఇనుప తీగతో గట్టిగా పొడవకండి. లోపలి గొట్టం ఊడిపోతుంది.

దీనికి ఎదురు సంగతి మరీ ప్రమాదకరమైనది. ధార బాగానే వస్తూ ఉంటుంది, ఇంజను మాత్రం కాలిపోతూ ఉంటుంది. కొన్ని మోటార్లలో సాక్షి ధారకు పోయే పాయ థర్మోస్టాట్ కన్నా ముందే చీలిపోతుంది. అటువంటప్పుడు థర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుపోయినా, సిలిండరు తల చుట్టూ ఉన్న దారులు ఉప్పుతో పూడుకుపోయినా, ధార మాత్రం గజం దూరం పడుతూనే ఉంటుంది. ఇంకొకటి కూడా ఉన్నది. వేడెక్కే మోటారును అమ్ముకోవాలనుకునేవాడు ఒక్కొక్కసారి థర్మోస్టాట్ పీకి పారేస్తాడు. అప్పుడు ఇంజను ఎంతసేపు నడిచినా సరైన వేడికి రాదు. ప్లగ్గులు మసిబారతాయి, ఆయిలు ఎక్కువ తాగుతుంది. అసలు రోగం లోపలే ఉండిపోతుంది.

మేము చూసిన ఒక ఉదాహరణ చెబుతాము. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది గదా. ఆ రోజుల్లో ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది హార్స్‌పవర్ టూస్ట్రోక్ మోటారు ఒకటి మా షెడ్డుకు తెచ్చారు. బయానా ఇచ్చారు, మిగిలిన సొమ్ముకు తల్లి గాజులు తాకట్టు పెట్టబోతున్నారు. మాలో పెద్దాయన, "నీళ్ళ ధార చూశారా బాబూ?" అని అడిగితే చిన్నవాడు, "కళ్ళారా చూశాం చాచా! ఈ మూల నుంచి ఆ మూలకు పడింది" అన్నాడు. "ఎట్లా నడిపి చూపించారు?" "కుళాయి గొట్టం తగిలించి." "అయితే మీరు చూసింది కుళాయి జోరు నాయనా, మోటారు జోరు కాదు" అన్నాడాయన.

ఆ మాటలో మర్మం ఏమిటంటే, నీరు లోపలికి పోయే చీలికలకు రెండు రబ్బరు చెవులు తగిలించి కుళాయి గొట్టం బిగించే పద్ధతి ఒకటి ఉంది. మోటారును మంచినీటితో కడగడానికి అది బాగుంటుంది. పరీక్షకు మాత్రం పనికిరాదు. కుళాయి ఒత్తిడికి నీరు దానంతట అదే పైకెక్కుతుంది. పంపు అరిగిపోయినా ధార కనబడుతుంది. మేము అదే మోటారును డ్రమ్ములో నిలబెట్టి నడిపాము. ధార సన్నగా, తెగి తెగి పడింది. జోరు పెంచినా లావెక్కలేదు. సిలిండరు తల మీద తడివేలు విదిలిస్తే నీటిబొట్టు చుయ్‌మన్నది. వెంటనే ఆపేశాము. విప్పి చూస్తే ఇంపెల్లర్‌కు ఉన్న ఆరు రెక్కల్లో రెండు లేవు. ఒక ముక్క నీటి గొట్టం మొదట్లో, ఇంకొకటి థర్మోస్టాట్ దగ్గర ఇరుక్కొని దొరికాయి. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ నల్లగా మాడి ఉన్నది. అమ్మినాయన మోసగాడని మేము అనము. ఆయనా ధారను చూసే నమ్ముకున్నాడు. సంగతి చూపించిన మీదట, బాగుచేయడానికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించుకున్నాడు. ఆ తేడా లేకపోతే ఆ ఖర్చు ఎవరి మీద పడేది? ఆ తల్లి గాజుల మీద.

ఇక పాత మోటారును ఎట్లా పరీక్షించాలో వరుసగా చెబుతాము. కుర్రవాళ్ళు మనసులో పెట్టుకోండి.

మొదటిది, చల్లని మోటారును చూడాలి. "ఇప్పుడే నడిపి ఉంచాను, చూసుకోండి" అంటే, చల్లారిన తరువాత వస్తామని చెప్పండి. పై మూత తీయించి ఇంజను మీద చేయి పెట్టి చూడండి. వేడి ఇంజను సుళువుగానే స్టార్టవుతుంది. చల్లని ఇంజనే తన గుణం బయటపెడుతుంది.

రెండవది, నడపక ముందు కంటితో చూడాలి. సిలిండరు తల దగ్గర రంగు బొబ్బలెక్కి ఉందా, మాడి గోధుమరంగుకు తిరిగిందా చూడండి. అది గతంలో ఒకసారి బాగా కాలిన గుర్తు. తల బోల్టుల మీద పానా గీతలు కొత్తగా ఉంటే ఎందుకు విప్పారని అడగండి. గేర్ ఆయిలు కొంచెం కార్చి చూస్తే పాలలాగా తెల్లగా ఉంటే నీరు దిగిందన్న మాట. ఫోర్‌స్ట్రోకు అయితే ఇంజన్ ఆయిలు పుల్లను కూడా బయటికి తీసి ఇట్లాగే చూడాలి.

మూడవది, డ్రమ్ము పరీక్ష. రెండువందల లీటర్ల డ్రమ్ము చాలు. పైన మందపాటి చెక్క బిగించి దానికి మోటారు తగిలించండి. నీటిలో తిరిగే పంకాకు పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది గదా, దానికి నాలుగైదు అంగుళాల పైదాకా నీరు ఉండాలి. న్యూట్రల్‌లోనే ఉంచాలి. పంకా విప్పేస్తే ఇంకా మంచిది. ఇది ఆరుబయట చేయవలసిన పని. మూసిన షెడ్డులో చేస్తే ఆ పొగ మనిషిని చంపుతుంది. ఇక నీరు లేకుండా "ఒక్క నిమిషం నడిపి చూద్దాం" అనే మాటను అసలు ఒప్పుకోవద్దు. రబ్బరు రెక్కలకు తడే నూనె. పొడిగా తిరిగితే కొద్ది సెకన్లలోనే పాడవడం మొదలవుతుంది.

నాలుగవది, ధారను గడియారం పెట్టి చూడాలి. స్టార్టయిన పది పదిహేను సెకన్లలో ధార రావాలి. అర నిమిషమైనా రాకపోతే ఆపేసి, రంధ్రం శుభ్రం చేసి, మళ్ళీ ఒక్కసారి చూడండి. అప్పటికీ రాకపోతే నడపవద్దు. నెమ్మదిగా తిరిగేటప్పుడు ధార కొంచెం నీరసంగా ఉండటం సహజమే. జోరు కొద్దిగా పెంచితే బలపడాలి. బలపడకపోతే పంపును అనుమానించాలి. ధారలో ఆవిరి వస్తే ఇక ఆలోచించనే వద్దు, ఆపేయాలి. కొన్ని పాత మోటార్లకు ఈ రంధ్రమే ఉండదు. అప్పుడు పొగ పోయే రంధ్రం దగ్గర పొగతోపాటు నీటి తుంపర్లు పడుతున్నాయా చూడాలి.

అయిదవది, వేడి చూడాలి. ఇదే మనవాళ్ళు వదిలేసేది. పది నిమిషాలు నడవనివ్వండి. సిలిండరు తల నిదానంగా వేడెక్కి ఒకచోట నిలబడాలి. తిరిగే చక్రానికి, ప్లగ్గు తీగలకు దూరంగా, వేలు ఒక్క క్షణం మాత్రం ఆనించి చూడండి. ఆనించగలిగేటంత వేడే ఉండాలి. పది నిమిషాల తరువాత కూడా చల్లగానే ఉంటే థర్మోస్టాట్ లేదనో, తెరుచుకొని బిగుసుకుందనో అనుమానించాలి. తుపాకీలాగా పట్టుకొని దూరం నుంచే వేడి కొలిచే థర్మామీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయితే 2020లో కరోనా వచ్చినప్పుడు నుదుటి దగ్గర పెట్టి చూసినవి దీనికి పనికిరావు. అవి మనిషి ఒంటి వేడి వరకే చూపిస్తాయి. యంత్రాలకు వాడేది వేరుగా అడిగి తీసుకోవాలి. అది 60, 70 దగ్గర నిలబడితే సరే. 80 దాటి ఎక్కుతూనే పోతే ఆపండి.

ఆరవది, కంప్రెషన్ కొలిపించాలి. రెండు సిలిండర్ల మోటారైతే రెండింటికీ ఇంచుమించు సమానంగా ఉండాలి. తేడా పదోవంతు కన్నా ఎక్కువుంటే, అది ఎప్పుడో కాలిన మోటారేమోనని అనుమానించి, తల విప్పించి చూడందే సొమ్ము ఇవ్వకండి.

ఈ ఆరూ నెగ్గిన మోటారును కొనుక్కోండి. కొన్న తరువాత మొదట చేయవలసిన పని, ఇంపెల్లర్ మార్చడం. "ధార బాగానే ఉంది గదా, ఇప్పుడెందుకు?" అనకండి. అది ఏ సంవత్సరం వేసిందో మీకు తెలియదు. రబ్బరు నడిచినా అరుగుతుంది, నడవక పడి ఉన్నా రెక్కలు ఒకవైపుకు వంగి గట్టిపడతాయి. మోటారు ఖరీదులో దాని ఖరీదు ఎంతండీ! ఆ కొంచెం దగ్గర పీనాసితనం చేసి మొత్తం ఇంజను పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మార్చేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువైనా ఆ ముక్క లోపలెక్కడో ఉన్నట్లే. అది దొరికేదాకా మూయవద్దు. కొత్తది వేసేటప్పుడు సబ్బునీళ్ళు రాసి, షాఫ్టును అది తిరిగే వైపుకే, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పుతూ దించాలి. షాఫ్టు మీది చిన్న తాళం ముక్కను మరచిపోకూడదు. అది లేకపోతే షాఫ్టు తిరుగుతుంది, ఇంపెల్లర్ తిరగదు.

థర్మోస్టాట్ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చును. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి మీద ఉంచండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర అది నోరు తెరవాలి, చల్లారితే మూయాలి. తెరవకపోతే కొత్తది వేయాలి. మా ఇళ్ళలో ఈ పరీక్ష ఆడపిల్లలే చేసి, ఎన్ని డిగ్రీలకు తెరుచుకున్నదో రాసి ఇస్తారు. ఇందులో మగవాళ్ళకే చేతనైనదేమీ లేదు.

ఆ తరువాత కాపాడుకోవడం. ఉప్పునీటిలో నడిచిన మోటారును ఇంటికి రాగానే అయిదు పది నిమిషాలు మంచినీటితో కడగాలి. కుళాయి చెవులు పనికొచ్చేది ఇక్కడే. తరువాత నిలువుగా ఉంచి లోపలి నీరంతా దిగిపోనివ్వాలి. పడుకోబెట్టి పెడితే ఉప్పునీరు లోపలే నిలిచి దారులను పూడ్చేస్తుంది.

నీటి మీద ఉండగా ధార ఆగిపోతే ఏం చేయాలి? "ఒడ్డు దగ్గరే గదా, నెమ్మదిగా పోదాం" అనుకోవద్దు. మోటారు ఆపండి. పైకెత్తి చూడండి. చాలాసార్లు ప్లాస్టిక్ సంచి ఒకటి చీలికలకు అడ్డంపడి ఉంటుంది, లేదా నాచు చుట్టుకొని ఉంటుంది. అది తీసేసి, ఇంజను చల్లారనిచ్చి, మళ్ళీ స్టార్టు చేయండి. కాగిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, లోహం పగులుతుంది. అప్పటికీ ధార రాకపోతే లంగరు వేసి సాయం కోసం చూడాలి గాని మోటారును బలవంతం చేయకూడదు. ఏటి మొగ దగ్గర పాటు నీరు సముద్రంలోకి లాగే సమయంలో ఇంజను పట్టేస్తే పడవ ఎటు పోతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. అందుకే తెడ్లు, లంగరు, చాలినంత తాడు, మనిషికొక లైఫ్ జాకెట్, ఒక నైలాన్ దారం ముక్క పడవలో ఎప్పుడూ ఉండాలి.

చివరిగా సంఘానికి మా మనవి ఒకటి ఉన్నది. ఎవరైనా పాత మోటారు కొనడానికి చేబదులు అడిగితే, డబ్బు ఇచ్చే ముందు ఈ ఆరు పరీక్షలూ ఒక కాగితం మీద రాయించి, పరీక్షించినవారి సంతకంతో తీసుకోండి. సభ్యుల మోటార్లను మా షెడ్డులో డ్రమ్ములో పెట్టి కూలి లేకుండా చూసిపెడతాము. ఇంపెల్లర్ వంటి సామాను ఖర్చు మాత్రం వారిది. వేట నిషేధం రోజులు ఈ పనికి అనువైనవి, అప్పుడు ఎవరికీ తొందర ఉండదు. పని నేర్చుకోదలచిన కుర్రవాళ్ళు ఆ రోజుల్లో రండి. మూడు మోటార్లు విప్పి బిగించేసరికి చేతికి పని వస్తుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కన్నా, డబ్బు చేతిలో ఉండగానే పది నిమిషాలు డ్రమ్ము దగ్గర నిలబడటం మేలు.